"మనం" కాదట, "మేం" అట! మీ ఇళ్ళల్లో ఈ "నేనే" గోల ఎలా ఉంది?

జంటపిట్టల_అమ్మ
మా పాపకి ఆరేళ్ళు, బాబుకి మూడున్నర. రెండు నెలలుగా ఇంట్లో ఒకటే మాట, "నేనే". నేనే తీస్తా, నేనే పోస్తా, నేనే తొడుక్కుంటా. ఈ రోజు పొద్దున జరిగింది చెప్పి తర్వాత నా ప్రశ్న అడుగుతాను.

బాబు చొక్కా వేసుకుంటున్నాడు. ఐదు గుండీలు. నాలుక కొంచెం బయటపెట్టి, గడ్డం మెడకి ఆనించి, రెండు వేళ్ళతో గుండీని పట్టుకుని కాజా దగ్గరికి తెస్తాడు. సగం దూరుతుంది. వేలు తీయగానే మళ్ళీ బయటికి జారిపోతుంది. "ఆగు, ఆగు, అక్కడే ఉండు" అని గుండీకి చెప్తున్నాడు. నాలుగు పెట్టేసరికి బయల్దేరే టైం దాటిపోయింది. వాడు కిటికీ వైపు చూసినప్పుడు ఐదోది నేను గబుక్కున పెట్టేశాను. వాడు తల దించి చూసుకున్నాడు. ఏడవలేదు, అరవలేదు. ఐదు గుండీలూ విప్పేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు!

ఇంతలో పాప బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడి "తమ్ముడూ, రా, వెళ్దాం" అంది. "మనం వెళ్దాంలే, ఒక్క నిమిషం ఆగు" అన్నాను నేను. "మనం కాదమ్మా, మేం. నువ్వు గేటు దాకా రా, చాలు" అంది.

పగలబడి నవ్వాను. ఎక్కడో చిన్నగా చివుక్కుమంది కూడా. నిన్నమొన్నటి దాకా ఆ పిల్ల నోట్లో "మనం" అంటే నేను లేకుండా ఉండేది కాదు.

నా ప్రశ్న ఇది. ఎంతవరకు వాళ్ళకి వదిలేస్తున్నారు, ఎక్కడ చెయ్యి వేస్తున్నారు? మీ ఇళ్ళల్లో జరిగినవి కూడా చెప్పండి, నాకు ఈ రోజు చాలా అవసరం.

నిద్రలేని_నాన్న
ఐదూ విప్పేశాడా! వాడికి నా సెల్యూట్.

మా ఇంట్లో గొడవ కాలింగ్ బెల్ దగ్గర. చిన్నదానికి మూడేళ్ళు. బయటి నుంచి వచ్చినప్పుడు బెల్ తనే కొట్టాలి. మొన్న రెండు చేతుల నిండా సంచులున్నాయి, ఆదమరిచి మోచేత్తో నేను నొక్కేశాను. మెట్ల మీద కూర్చుండిపోయింది. మళ్ళీ కొట్టు తల్లీ అంటే వినదు. "నువ్వు కొట్టావు. అది తీసెయ్" అంటుంది. మోగిన బెల్లుని ఎలా తీసేయాలి?

మా వాడు (ఐదేళ్ళు) కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. "నాన్నా, నువ్వు కింద దాకా దిగిపో. అమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవాలి. మనం ఇంకా రాలేదు." సంచులు మోసుకుంటూ మెట్లన్నీ దిగాను. మళ్ళీ ఎక్కాం. అది బెల్ కొట్టింది. లోపల నుంచి మా ఆవిడ "ఎవరూ?" అంది. "మేమే!" అని ముగ్గురం అరిచాం. సమస్య తీరిపోయింది.

కవలల_కోట
"మనం ఇంకా రాలేదు". ఆ బుర్రకి దండం పెట్టాలి.

చుక్కలలెక్క
నవ్వొచ్చే మాట నిజమే గానీ, నేను కొంచెం వేరేగా అంటాను. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళం. పొద్దున ఒక్కో గుండీకి మూడు నిమిషాలంటే కుదరదు. మా ఇంట్లో రూలు ఉంది. పొద్దున పెద్దవాళ్ళు తొడుగుతారు, సాయంత్రం ఎంతసేపైనా "నేనే" అనుకోవచ్చు. పిల్లలకి టైం విలువ కూడా తెలియాలి కదా. లేకపోతే ఇంటిల్లిపాదీ ఒక్క చొక్కా చుట్టూ తిరగాల్సి వస్తుంది.

తీరిక_అమ్మమ్మ
పావుగంట ముందు లేపితే సరిపోతుంది నాయనా. చొక్కాది తప్పు కాదు, గడియారానిది.

బడిబల్ల
చిన్నపిల్లల బడిలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను, రోజుకి ఇరవై "నేనే"లు వింటాను. అందుకే కొంచెం పెద్ద పోస్టు పెడుతున్నాను.

ఈ వయసు గురించి ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త 1950లోనే రాశాడు. సుమారు ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ దాకా పిల్లల లోపల ఒక తగువు నడుస్తుందంటాడు. ఒకవైపు "నా అంతట నేను చేయగలను" అనే ధీమా, ఇంకోవైపు సిగ్గు, సందేహం. మూడు దాటాక ఆ ధీమా "ఇది నేను మొదలుపెడతాను" అనే చొరవగా మారుతుంది. ఐదో గుండీ మీరు పెట్టినప్పుడు మీ వాడికి మీరు చేసింది సాయంలా కనిపించలేదు. వాడి పనిలో ఒక ముక్క పోయినట్టు అనిపించింది. అందుకే మొత్తం మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇంకొకటి. వాడు గుండీతో మాట్లాడటం గమనించారు చూడండి, అది చాలా మంచి సంగతి. ఒంటరిగా పని చేసుకుంటూ పిల్లలు పైకి మాట్లాడుకోవడాన్ని పియాజే, వైగోట్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు ఇద్దరూ పట్టించుకున్నారు. ఇద్దరూ 1896లోనే పుట్టారు, అభిప్రాయాలు మాత్రం కలవలేదు. ఎదుటివాడి కోసం మాట్లాడటం ఇంకా రాక అలా మాట్లాడతారు, పెరిగితే అది పోతుంది అన్నాడు పియాజే. ఎక్కడికీ పోదు, లోపలికి వెళ్ళి ఆలోచనగా మారుతుంది అన్నాడు వైగోట్‌స్కీ. బడిలో చూసినదాన్ని బట్టి నేను వైగోట్‌స్కీ పక్షం. కష్టమైన పని దగ్గరే పిల్లలు ఎక్కువ మాట్లాడుకుంటారు. సులువు కాగానే మాట తగ్గుతుంది, పెదాలు మాత్రం కదులుతుంటాయి.

చేతిపని విషయానికొస్తే, పైనుంచి కాకుండా కింది గుండీ నుంచి మొదలుపెట్టించండి. చొక్కా రెండు అంచులూ కళ్ళెదురుగా ఉంటాయి, ఒకటి పొడుగు ఒకటి పొట్టి అవ్వదు. తొందరగా ఉన్న రోజు నాలుగు మీరు పెట్టి ఆఖరిది వాడికి వదిలేయండి. ఆఖరి ముక్క ఎవరు చేస్తే పని వాళ్ళదే, పిల్లల లెక్కలో. తర్వాత ఆఖరి రెండు, ఆ తర్వాత మూడు. జిప్‌కీ ఇదే పద్ధతి. కింద కొక్కెం మీరు దూర్చండి, పైకి లాగడం వాడిది.

జంటపిట్టల_అమ్మ
గుండీని బతిమాలుతున్నాడు అనుకున్నాను, తనకి తనే చెప్పుకుంటున్నాడన్నమాట! నేనేమో రోజూ "మాటలు ఆపి పని చూడు" అంటున్నాను. రేపటి నుంచి అననే అనను.

ఆఖరిది వదిలేయడం నాకు తట్టనే లేదు. నేను సరిగ్గా దానికి తలకిందులుగా చేశాను.

నిద్రలేని_నాన్న
బెల్ కూడా అంతే కదా! ఇంటికి రావడంలో ఆఖరి ముక్క బెల్. దారంతా అది నడిచొస్తే చివర్న నేను కొట్టేశాను. ఇప్పుడు అర్థమైంది దాని బాధ.

కవలల_కోట
నాకు నాలుగేళ్ళ కవలలు. అమ్మాయి రెండు నిమిషాల ముందు పుట్టింది. ఆ రెండు నిమిషాల పెద్దరికం రోజంతా చూపిస్తుంది. "నేను నీకంటే ముందు పుట్టాను, అప్పుడు నువ్వు లేవు, ఇల్లంతా నేనే చూసుకున్నాను" అని తమ్ముడికి చెప్తోంది మొన్న. వాడు నోరెళ్ళబెట్టి విని "అప్పుడు నేను ఎక్కడికెళ్ళాను?" అన్నాడు. "నువ్వు లేట్" అంది.

మా గొడవ నీళ్ళ గ్లాసుల దగ్గర. ఒకటి సన్నగా పొడుగ్గా, ఒకటి వెడల్పుగా పొట్టిగా ఉంటాయి. కొలిచి సమానంగా పోసినా పొడుగు గ్లాసు కోసం జుట్లు పట్టుకుంటారు. నీళ్ళేనర్రా, కుళాయి నిండా ఉన్నాయి అంటే వినరు.

బడిబల్ల
కవలల గారూ, నాలుగేళ్ళ పిల్లలతో ఆ వాదన ఎవ్వరూ గెలవలేరు. పియాజే సరిగ్గా ఇదే పరీక్ష పెట్టాడు. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోస్తారు. సమానమే అని పిల్లలు ఒప్పుకుంటారు. తర్వాత వాళ్ళ కళ్ళ ముందే ఒకదానిలో నీళ్ళు సన్నటి పొడుగు గ్లాసులోకి వంపుతారు. వెంటనే "ఇందులో ఎక్కువ" అంటారు. ఎత్తు ఒక్కటే కళ్ళకి కనిపిస్తుంది, వెడల్పు తగ్గిందన్నది లెక్కలోకి రాదు. ఆరేడేళ్ళకి గానీ ఆ లెక్క కుదరదు. వాళ్ళు పేచీ పెట్టడం లేదు, నిజంగానే తమకి తక్కువ వచ్చిందనుకుంటున్నారు. ఒకేలాంటి గ్లాసులు రెండు పెట్టుకోండి, గొడవ ఉండదు.

నిద్రలేని_నాన్న
ఇది చదివి ఇప్పుడే మా వాడి మీద చేశాను. నిజమే! పొడుగు గ్లాసులో ఎక్కువన్నాడు. వెనక్కి పోస్తే సమానం అన్నాడు. మళ్ళీ పొడుగు దానిలో పోస్తే మళ్ళీ ఎక్కువట. నేను ఆశ్చర్యంగా నాలుగోసారి వంపుతుంటే నా భుజం తట్టి "నాన్నా, నీకు దాహం వేస్తే తాగెయ్. ఎందుకు అటూ ఇటూ పోస్తున్నావు?" అన్నాడు.

తీరిక_అమ్మమ్మ
మీ వాడే పెద్ద శాస్త్రవేత్త బాబూ.

తలుపుగడి
నా హ్యాండిల్ చూస్తే నా కథ తెలిసిపోతుంది. మా చిన్నాడికి అప్పుడు మూడేళ్ళు. "నేనే వెళ్తా" అని బాత్రూంలోకి వెళ్ళి లోపల గడియ పెట్టేసుకున్నాడు. పెట్టడం వచ్చింది, తీయడం రాలేదు. నా గుండె గుభేల్‌మంది. తలుపు బాదుతూ "గడియ పక్కకి లాగు నాన్నా" అని అరుస్తున్నాను. నా గొంతు విని వాడు ఏడుపు మొదలుపెట్టాడు.

అప్పుడు మా పెద్దది, ఆరేళ్ళది, నన్ను పక్కకి జరగమంది. నేల మీద బోర్లా పడుకుని తలుపు కింద సందులో నోరు పెట్టి "ఒరేయ్, నీ బొటనవేలు కనిపిస్తోంది" అంది. లోపల ఏడుపు ఆగింది. "నీ రెండో కాలి బొటనవేలు కూడా చూపించు." చూపించాడు. "ఇప్పుడు గడియ ముక్కు పట్టుకున్నావా?" జవాబు లేదు. "పట్టుకున్నావా?" జవాబు లేదు. నాకు ప్రాణం పోతోంది. అదేమో తాపీగా, "తల ఊపకురా, నాకు కనపడదు. నోటితో చెప్పు" అంది. "ఊఁ" అన్నాడు. లోపల అంతసేపూ తల ఊపుతూనే ఉన్నాడన్నమాట! "కిటికీ వైపుకి లాగు" అంది. టక్కుమని వచ్చేసింది.

కుడి, ఎడమ అని నేను చెప్తుంటే వాడికి అర్థం కాలేదు. "కిటికీ వైపు" అంటే అర్థమైంది. ఆ మాట నాకు తోచలేదు, ఆరేళ్ళ పిల్లకి తోచింది.

ఆ సాయంత్రమే కింది గడియ తీయించి అందనంత ఎత్తులో పెట్టించాను. గడియ మార్చే వీలు లేనివాళ్ళు తలుపు పైఅంచు మీద మందపాటి టవల్ వేలాడదీయండి, తలుపు పూర్తిగా మూసుకోదు.

జంటపిట్టల_అమ్మ
"తల ఊపకురా, నాకు కనపడదు". చదువుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వుతూనే.

మా వాడు ఫోన్‌లోనూ అంతే. వాళ్ళ తాతయ్య "అన్నం తిన్నావా?" అంటే గట్టిగా తల ఊపుతాడు. ఆయన మళ్ళీ అడుగుతారు. మళ్ళీ ఊపుతాడు. మూడోసారికి విసుక్కుని ఫోన్ నాకిచ్చేసి "తాతయ్యకి వినపడటం లేదు" అంటాడు.

చుక్కలలెక్క
తలుపుగడి గారు చెప్పినదాని మీద ఒక మాట. ఎంత స్వతంత్రం ఇచ్చినా కొన్నిటి దగ్గర "నేనే" చెల్లదు, ఇందులో మాత్రం ఎవరూ నాతో వాదించొద్దు. నీళ్ళున్న బకెట్ దగ్గర, టబ్ దగ్గర చిన్నపిల్లల్ని ఒంటరిగా వదలకూడదు, కొన్ని అంగుళాల నీళ్ళు చాలు ప్రమాదానికి. స్నానానికి ముందు చన్నీళ్ళు పోసి తర్వాతే వేడినీళ్ళు కలపాలి. మందులు తాళంలో ఉండాలి. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే నాణెంలాంటి బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతు దిగువన కాలిపోయేంత పని చేస్తుంది. మింగాడని అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

తలుపుగడి
ఒక్క ముక్క కూడా కాదనను.

పాలపళ్ళ_డాక్టర్
పిల్లల పళ్ళ డాక్టర్ని, ఇంట్లో ఇద్దరు పిల్లలు. "నేనే" చెల్లని జాబితాలో పళ్ళు తోముకోవడం కూడా చేర్చండి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లల చేతికి అంత ఒడుపు రాదు. ముందు పళ్ళు తళతళలాడతాయి, వెనక దవడ పళ్ళు అలాగే ఉంటాయి. వాళ్ళు తోముకున్నాక మీరు ఇంకోసారి తోమాలి. పేస్టు మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరు దాకా బఠానీ గింజంత చాలు. ఆరేళ్ళ ప్రాంతంలో, ఏ పన్నూ ఊడకుండానే, వెనక చివర్న కొత్త దవడ పన్ను వస్తుంది. పాలపన్నే అనుకుని చాలామంది వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.

మా వాడికి నాలుగేళ్ళు. రెండోసారి తోమనివ్వడు. "నువ్వు డాక్టర్‌వి ఆఫీసులో, ఇక్కడ అమ్మవి" అంటాడు. చివరికి ఒప్పందం కుదిరింది. ముందు వాడు నా పళ్ళు తోముతాడు, తర్వాత నేను వాడివి తోముతాను. "ఇంకొంచెం తెరువు, భయపడకు, అయిపోయింది" అని నా క్లినిక్ మాటలన్నీ నాకే చెప్తాడు. ఇంత మంచి డాక్టర్ నాకెప్పుడూ దొరకలేదు!

కవలల_కోట
ఈ ఒప్పందం ఈ రాత్రే అమలు.

మాటల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మా అమ్మాయి "చేతులు" అనదు, "చెయ్యిలు" అంటుంది. "నా చెయ్యిలు రెండూ కడిగేశా." కాళ్ళని "కాలులు" అంటుంది. "అక్కడ చాలా ఇల్లులు ఉన్నాయి." మా వాడు కోపం వస్తే "నా దగ్గరికి వచ్చకు!" అంటాడు. దిద్దాలంటే మనసు రాదు. దిద్దాలా?

బడిబల్ల
దిద్దకండి, మీరు సరైన మాట వాడుతూ పోండి, అదే వస్తుంది. "చెయ్యిలు" అని మీరెవరూ ఎప్పుడూ అనలేదు కదా, మరి ఎక్కడ నేర్చుకుంది? ఎక్కడా నేర్చుకోలేదు, తనే తయారు చేసింది. బల్ల, బల్లలు. గిన్నె, గిన్నెలు. అయితే చెయ్యి, చెయ్యిలు. వచ్చాడు, వచ్చింది ఉన్నప్పుడు "రాకు" ఎందుకు, "వచ్చకు" అనాలి కదా! న్యాయంగా చూస్తే తప్పు మన భాషదే.

1958లో జీన్ బెర్కో అనే ఆవిడ దీన్ని పరీక్షించింది. లేని జంతువు బొమ్మ ఒకటి గీసి దానికి "వగ్" అని పేరు పెట్టింది. ఇది ఒక వగ్, ఇప్పుడు రెండున్నాయి, వీటిని ఏమంటారు అని పిల్లల్ని అడిగింది. పుట్టాక ఎప్పుడూ వినని మాటకి కూడా చక్కగా బహువచనం చేసి చెప్పారు. అంటే విన్నది అప్పజెప్పడం లేదు, సూత్రం పట్టేశారు. నాకు ఇంతకంటే అందమైన "నేనే" ఇంకోటి కనిపించదు.

అందుకే జంటపిట్టల గారి పాప అన్న మాట నన్ను ఆపేసింది. మన భాషలో వినేవాళ్ళని కలుపుకుంటే "మనం", వదిలేస్తే "మేం". ఇంగ్లిష్‌లో, హిందీలో రెండింటికీ ఒకటే మాట. ఆ పిల్ల మీ వాక్యంలో ఒక్క మాట మార్చి మిమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టింది. ఆ తేడా ఎక్కడ వాడాలో అంత కచ్చితంగా తెలిసింది!

జంటపిట్టల_అమ్మ
అవును. తను కావాలనే అంది. నేను విన్నానో లేదో అని నా మొహం చూసింది కూడా.

కొత్తగా_ఇద్దరు
మీరంతా "నేనే" అంటున్నారు, మా ఇంట్లో రివర్స్. పాపకి నాలుగేళ్ళు, చిన్నాడికి ఎనిమిది నెలలు. తను తినేది, తను బట్టలు వేసుకునేది. వాడు పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి అన్నీ "నువ్వే". చెప్పులు నువ్వే వెయ్యి, ఎత్తుకో, ముద్దలు పెట్టు. నిన్న వాడి పాలసీసా తీసుకుని మంచం కింద దాక్కుని తాగుతోంది. నాకు నవ్వు రాలేదు, టెన్షన్ వచ్చింది. వెనక్కి వెళ్ళిపోతోందా?

తీరిక_అమ్మమ్మ
ఏమీ కాదమ్మా. ఇద్దర్ని పెంచాను, నలుగురు మనవల్ని చూశాను. "నువ్వు పెద్దదానివి కదా, తమ్ముడు చిన్నవాడు కదా" అని మెల్లగా చెప్పు. వాడి పనులు దాని చేత చేయించు. పెద్దరికం వస్తే అదే సర్దుకుంటుంది.

చుక్కలలెక్క
అమ్మమ్మ గారూ, ఈ ఒక్కటీ నేను ఒప్పుకోలేను. నేను ఇంట్లో పెద్దవాణ్ణి. నా ఐదో ఏట చెల్లి పుట్టింది. ఆ రోజు నుంచి "నువ్వు పెద్దవాడివి కదా" తప్ప నా పేరు ఎవరూ పిలిచినట్టు గుర్తులేదు. దెబ్బ తగిలినా పెద్దవాడివి కదా, బొమ్మ ఇచ్చెయ్యమన్నా పెద్దవాడివి కదా. నేను ఐదేళ్ళవాణ్ణే కదా అప్పుడు! ఇప్పటికీ ఆ మాట వింటే నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

కొత్తగా గారూ, ఎత్తుకోమంటే ఎత్తుకోండి. పాలసీసా కావాలంటే ఇవ్వండి. నాలుగు రోజుల్లో దానికే విసుగొస్తుంది.

బడిబల్ల
చుక్కలలెక్క గారి మాటే నాదీ. తమ్ముడో చెల్లో వచ్చినప్పుడు చాలామంది పిల్లలు ఇలా వెనక్కి అడుగు వేస్తారు. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. మీ ఒడి ఇంకా తనది కూడానా అని తలుపు తట్టి చూస్తున్నారంతే. రోజూ ఒక పది నిమిషాలు చిన్నాడు లేకుండా పాపతో ఉండగలిగితే చాలా తేడా కనిపిస్తుంది.

తీరిక_అమ్మమ్మ
చుక్కలలెక్క నాయనా, నీ పోస్టు చదివి మా పెద్దమ్మాయికి ఫోన్ చేశాను. "నిన్ను నేను అలా అనేదాన్నా?" అని అడిగాను. నవ్వి, "అమ్మా, రోజుకి పదిసార్లు" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. దానికిప్పుడు నలభై ఏళ్ళు.

కొత్తగా_ఇద్దరు, నా సలహా వద్దులే. ఎత్తుకో.

కొత్తగా_ఇద్దరు
అమ్మమ్మ గారూ, చాలా థ్యాంక్స్ అండీ. ఇందాక పాలసీసా నేనే నింపి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి "ఇందులో నుంచి చాలా మెల్లగా వస్తున్నాయి, వీడు ఎలా తాగుతున్నాడో పాపం" అని గ్లాసు తెచ్చుకుంది.

కవలల_కోట
పాపం!!

నిద్రలేని_నాన్న
కాలం సంగతి కూడా ఒకటి. మా చిన్నదానికి జరిగిపోయిందంతా "నిన్న", జరగబోయేదంతా "రేపు". "నిన్న నేను పుట్టినప్పుడు" అంటుంది. నిన్న రాత్రి నా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నడుస్తూ "రేపు నేను పెద్దయ్యాక నీకు బెల్ కొట్టనిస్తాను" అంది. రేపే అయితే నాకు అస్సలు ఇష్టం లేదు.

చుక్కలలెక్క
నా రూలు గురించి కూడా చెప్పేస్తాను, ఇక్కడ చదివాక దాచుకోవడం బాగోదు. నిన్న పొద్దున తొడుగుతుంటే మా ఐదేళ్ళది అడిగింది, "నాన్నా, నేను పొద్దున చిన్నదాన్ని, సాయంత్రం పెద్దదాన్నా?" అని. చిన్నాడు పక్కనుంచి "నేను కూడా సాయంత్రం పెద్ద" అన్నాడు. జవాబు దొరకలేదు. ఆఖరి ముక్క పద్ధతి ఈ రోజు నుంచి మొదలుపెట్టాను. జిప్ నేను దూర్చాను, వాళ్ళు లాగారు. నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది. సరే, పర్వాలేదు.

తలుపుగడి
చెప్పులు తారుమారు చేసే పిల్లలకి ఒక చిట్కా. గుండ్రటి స్టిక్కర్ ఏదైనా మధ్యకి కత్తిరించి, ఎడమ సగం ఎడమ చెప్పు లోపల, కుడి సగం కుడి చెప్పు లోపల అంటించండి. పక్కపక్కన పెట్టి బొమ్మ కలిసిందా లేదా వాళ్ళే చూసుకుంటారు. మా వాడు బొమ్మ కలిపి, అరగంట దాన్నే చూస్తూ కూర్చుని, చివరికి చెప్పులు వేసుకోకుండా వెళ్ళిపోయాడు. "తొక్కితే దానికి నొప్పి" అట.

బడిబల్ల
దానికి నొప్పి! రేపు మా బడిలో చెప్తాను ఇది.

ఇంకో చిన్న మాట. కొక్కేలు, అరలు పిల్లలకి అందే ఎత్తులో ఉంటే సగం తగువులు ఉండవు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన మొదటి బడి తెరిచినప్పుడు కుర్చీలూ బల్లలూ పిల్లల కొలతకే చేయించింది. మనకి అందే ఎత్తులో అన్నీ పెట్టి "నీకు చేతకాదు" అంటే ఎలా? ఇంట్లో ఒక్క కొక్కెం కిందికి దించి చూడండి.

జంటపిట్టల_అమ్మ
రెండు వారాలైంది, చెప్పి తీరాలని వచ్చాను.

కింది గుండీ నుంచి మొదలుపెట్టించాను. తొందర రోజుల్లో ఆఖరి రెండు వాడివి. ఇప్పుడు పొద్దున ఏడుపుల్లేవు. కొక్కెం దించాం, బ్యాగులు ఇద్దరూ వాళ్ళే తగిలించుకుంటున్నారు. గుండీతో మాటలు తగ్గాయి. నిన్న ఐదోదాని దగ్గర మాత్రం "ఇదిగో, వచ్చేశావు" అన్నాడు, గుసగుసగా.

ఈ రోజు నేను ఆఫీసుకి రెడీ అవుతుంటే వాడు కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి దాని మీద ఎక్కి నిలబడ్డాడు. నా కోటుకి మూడు గుండీలు. నా చెయ్యి తీసి పక్కన పెట్టి "నేనే" అన్నాడు. మొదటిది పెట్టాడు, రెండోది పెట్టాడు. పాప వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తూ, "ఆఖరిది అమ్మకి వదిలెయ్‌రా, లేకపోతే ఏడుస్తుంది" అంది.

వదిలేశాడు. నేను పెట్టుకున్నాను. కింద చూస్తే ఒక కాజా ఎగిరిపోయి కోటు ఓ వైపు పైకి లేచి ఉంది. అలాగే ఆఫీసుకి వెళ్ళాను. ఎవరైనా అడిగితే చెప్పాలని రోజంతా ఎదురుచూశాను, ఎవ్వరూ అడగలేదు. అందుకే మీకు చెప్తున్నాను.

తీరిక_అమ్మమ్మ
నేను అడుగుతున్నాను. ఎవరు పెట్టారమ్మా ఆ గుండీలు?

జంటపిట్టల_అమ్మ
మేం ముగ్గురం!

నిద్రలేని_నాన్న
మా ఇంట్లో ఈ రోజు బెల్ పదకొండు సార్లు మోగింది. ఎవ్వరం బయటికి వెళ్ళలేదు.